శుక్రవారం నుంచి వెనక్కి రెండు

మంగళవారం

కాళ్ళు నిలవని నా మిడతకి,

నీ ఉత్తరం అందింది. ఫోనులో మాట్లాడితే నేను సగం వినిపించుకోనని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. నీ చేతిరాత మాత్రం మొదటి ఉత్తరంలో ఎక్కడుందో అక్కడే ఉంది. ముఖ్యంగా సున్నాలు. హాస్టల్లో నీ గది 26 అనుకుని రెండు ఉత్తరాలు వేశాను, రెండూ తిరిగొచ్చాయి. అది 20 అని మీ అమ్మ చెబితే తెలిసింది. సున్నా గీసేటప్పుడు బయల్దేరిన చోటికి మళ్ళీ వచ్చి కలపాలి. దారిలో ఆగిపోతే అది సున్నా కాదు, ఆరు. ఈ మాట నీకు, మీ అమ్మకి, బడిలో ముప్ఫై నాలుగేళ్ళపాటు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది, మీ సున్నాలు అరగలేదు.

గ్రాఫులు గీసే నీ కాలిక్యులేటర్ మీద శేషం ఇచ్చే మీట లేదని వాపోయావు. కొండలూ లోయలూ గీస్తుంది, ఎక్కడ రెండు గీతలు కలుస్తాయో చుక్క పెట్టి చూపిస్తుంది, ఏడుతో భాగిస్తే ఎంత మిగులుతుందిరా అంటే మాత్రం దశాంశాలు కక్కుతుంది. దీన్ని మీరిప్పుడు మాడ్యులో అంటున్నారు. మేం శేషం అనేవాళ్ళం. పేరు మార్చినంత మాత్రాన మిగిలేది మారదు.

వంద రోజుల తర్వాత ఏ వారమో కావాలనుకో. వందని ఏడుతో భాగించు. తెర మీద 14.2857 అని వస్తుంది. ఆ పద్నాలుగు పూర్తయిపోయిన వారాలు, వాటితో మనకి పని లేదు, తీసెయ్. మిగిలిన 0.2857ని మళ్ళీ ఏడుతో గుణించు. రెండు వస్తుంది. ఒక్కోసారి 1.9999 అని గునుస్తుంది, దాన్ని రెండు చేసుకో. అన్ని దశాంశాలు మోయలేక చివర ఒకటి జారవిడుస్తుంది, అంతే. ఇవాళ మంగళవారం కాబట్టి, వంద రోజులకి గురువారం. దీన్నే ప్రోగ్రాముగా రాసి పెట్టుకుంటే, తేదీ ఇస్తే వారం చెప్పించమని మీ లెక్చరర్ ఇచ్చిన పని అయిపోయినట్టే. ఎనిమిదో తరగతికి ఏటా ఇది నేర్పేదాన్ని, కాగితం మీద. పిల్లలు ముందు ఎవరి పుట్టినరోజు వాళ్ళు చేసుకునేవాళ్ళు. నువ్వూ అదే చేసుకో. ఈ శుక్రవారానికి మీ తాతయ్య పోయి నలభై ఒక్క ఏళ్ళు నిండుతాయని, ఆ రోజున ఆ తేదీ మీదే పరీక్షిస్తానని రాశావు. దానికేం అవసరం? ఆదివారమని చెప్పానుగా.

ఇక రెండో సంగతి. దాన్ని కాగితం వెనకవైపు, చిన్న అక్షరాలతో రాశావు, నా కళ్ళజోడు మీద నమ్మకం లేక కాబోలు. సెలవుల్లో ఆసుపత్రి వార్డులో సాయానికి వెళ్ళినప్పటినుంచీ లెక్కలు వదిలి నర్సింగుకి మారాలని ఉందన్నావు. ఫారం కూడా తెచ్చుకున్నావు, నెలాఖరులోగా ఇవ్వాలి, కానీ ఇవ్వలేవు. ‘తాతయ్య చివరి మాట ఉంది కదా అమ్మమ్మా’ అని రాశావు.

ఉంది. ఆదివారం పొద్దున నేను పక్కన కూర్చుని ఉండగా నా చెయ్యి పట్టుకుని, పిల్లని లెక్కలు చదివించు, దాని పిల్లల్నీ చదివించు అన్నారు. మీ అమ్మ ఆ మాట మీదే చదివి, ఇవాళ బస్సుల టైము పట్టికలు వేసే ఆఫీసులో కూర్చుని ఇంతమందిని వేళకి ఇళ్ళకి చేరుస్తోంది. నువ్వూ చదువు. మనసు నాలుగు రోజులు గెంతుతుంది, తర్వాత కూర్చుంటుంది.

అమ్మమ్మ


గురువారం

మిడతకి,

నువ్వు శుక్రవారం రాసిన ఉత్తరం సోమవారమే అందింది. పది రోజులయింది. ఈ జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. ముందు లెక్క సంగతి చూద్దాం, అది తేలిక.

వద్దన్నా వినకుండా తాతయ్య తేదీ మీదే ప్రోగ్రాము నడిపావు. చేసిందంతా వరసగా రాసి పంపావు, అది మాత్రం మెచ్చుకోవాలి. శుక్రవారం నుంచి నలభై ఒక్క ఏళ్ళు వెనక్కి, లీపు రోజులు పదీ కలుపుకుని 14975 రోజులు. గడిచిపోయినవి కాబట్టి మైనస్ 14975 అని కొట్టావు. ఏడుతో భాగించావు, పూర్తి వారాలు తీసేశావు, మిగిలిన దశాంశాన్ని ఏడుతో గుణించావు. తెర మీద మైనస్ రెండు వచ్చింది. దాని పక్కన ఇలా రాశావు: ‘పాత రోజులు కదా, అందుకే మైనస్ వచ్చింది, తీసేశాను. శుక్రవారం తర్వాత రెండు. శనివారం, ఆదివారం. అచ్చం నువ్వు చెప్పిందే వచ్చింది అమ్మమ్మా. ఒళ్ళు జలదరించింది. ఇంక ఫారం ఇవ్వను.’

రిటైరయ్యాక కూడా ఇంట్లో ఎర్ర పెన్ను దేనికని మీ అమ్మ ఎన్నోసార్లు అడిగింది. ఇందుకు.

మైనస్ అనేది అంకెకి పెట్టిన బొట్టు కాదు మిడతా, తుడిచేసుకోవడానికి. అది దిక్కు. వెనక్కి వెళ్ళమని యంత్రం చెబుతుంటే నువ్వు ముందుకి నడిచావు. శుక్రవారం నుంచి వెనక్కి రెండు లెక్కపెట్టు. గురువారం, బుధవారం.

నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఆ కాలిక్యులేటర్‌తో వచ్చిన పుస్తకం నువ్వు ఇక్కడే వదిలేశావు, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. అది తీసి చదివాను. పూర్ణాంకం ఇచ్చే పనిముట్లు అందులో రెండున్నాయి. ఒకటి బిందువు తర్వాత ఉన్నదాన్ని కత్తిరించి పారేస్తుంది, రెండోది కింది మెట్టుకి దిగుతుంది. ముందుకి వెళ్ళే లెక్కలో రెండూ ఒకే జవాబు చెబుతాయి. వెనక్కి వెళ్ళేటప్పుడే విడిపోతాయి. నీ లెక్కలో మొదటిది మైనస్ 2139 అంటుంది, రెండోది మైనస్ 2140 అంటుంది. రెండోదాన్ని నమ్ముకుంటే మైనస్ 14980కి వెళ్ళి ఆగుతావు, అక్కణ్ణుంచి నీ మైనస్ 14975కి అయిదు మిగులుతుంది. మైనస్ లేని అయిదు. శుక్రవారం నుంచి ముందుకి అయిదు లెక్కపెట్టు. మళ్ళీ బుధవారమే. ఏ వీధిలోంచి వచ్చినా ఆ ఇంటికే చేరతావు. నేను పోయిన ఉత్తరంలో ముందుకి వెళ్ళే లెక్క ఒక్కటే చెప్పాను. వెనక్కి వెళ్ళే లెక్క చెప్పలేదు. ఆ అలవాటు నాకు లేదు.

ఇక్కడ సంతకం పెట్టేసి, నాకే పొరపాటుగా గుర్తుండి ఉంటుందిలే అని ఒక ముక్క చేర్చి ఊరుకోవచ్చు. లేదా అసలు దిద్దకుండా వదిలేయొచ్చు. పది రోజులుగా నీ కాగితం బల్ల మీద పెట్టుకుని అదే చూస్తున్నాను. దిద్దకపోతే నువ్వు తప్పు ప్రోగ్రాము తీసుకెళ్ళి మీ లెక్చరర్ ముందు పెడతావు, ఫారం చింపేస్తావు, నా మాట నిలుస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళలో తప్పని తెలిసీ ఒక్క లెక్కకి కూడా టిక్కు పెట్టలేదు నేను. ఏడుస్తున్న పిల్లలకీ పెట్టలేదు, హెడ్‌మిస్ట్రెస్ కూతురికీ పెట్టలేదు. ఇప్పుడు నీది దిద్దకపోతే, నా కోసం నేను పెట్టుకున్నట్టే.

ఇంకొకటి. నువ్వు గుర్తుల్ని అలా పారేసే పిల్లవి కాదు. సున్నాలు తెరిచి ఉంచుతావేమో కానీ మైనస్‌ని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. ఈసారి ఎందుకు పోయిందంటే, జవాబు ముందే చేతిలో పెట్టుకుని లెక్క మొదలుపెట్టావు. అనుకున్న జవాబు వచ్చాక ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోరు. ఆ జవాబు నీ చేతిలో పెట్టింది నేను. కాబట్టి ఎర్రగీత నీ కాగితం మీద కాదు పడాల్సింది.

మీ తాతయ్య బుధవారం పోయారు. నేను బడిలో ఉన్నాను.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు, నీకు తెలుసు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసి తొమ్మిది రోజులుగా మంచం మీద ఉన్నారు. నా ఉద్యోగం పర్మనెంటు అయిన మొదటి ఏడాది అది. అప్పటికే ఆరు సెలవులు పెట్టాను, ఏడోది అడిగితే హెడ్‌మిస్ట్రెస్ మొహం మీద ఏం కనబడుతుందో నాకు తెలుసు. ఆ పొద్దున జ్వరం కాస్త తగ్గినట్టే ఉంది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే, ‘ఇవాళ ఉండిపోరాదూ’ అన్నారు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు. అడిగారంటేనే నేను ఆగి ఉండాల్సింది. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాను. దానికాయన ఇంకో మాట అన్నారు, నేను చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ మాట ఇక్కడ రాయను. అందులో ఎవరికీ పనికొచ్చేదేమీ లేదు. చిన్న మాట. నా దగ్గరే ఉండనీ.

మూడో పీరియడ్. బోర్డు మీద పెద్ద భాగహారం సగంలో ఉంది. అటెండరు తలుపు దగ్గర నిలబడి, ఇంటినుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మంటున్నారు టీచర్ అన్నాడు. నేనేమన్నానో తెలుసా. ‘ఒక్క నిమిషం’ అన్నాను. అని లెక్క పూర్తి చేశాను. మిగిలిన రెండు అంకెలూ దించాను, తీసివేశాను, శేషం రాశాను, దాని కింద రెండు గీతలు గీశాను, అప్పుడు సుద్దముక్క కింద పెట్టాను. పిల్లలు కాపీ చేసుకోవాలని కాదు. వెళితే ఏం చూడాలో ఒంటికి ముందే తెలిసిపోయింది, బోర్డుని వదలబుద్ధి కాలేదు. ఆయన అప్పటికి అరగంట ముందే పోయారని తర్వాత తెలిసింది. నా నిమిషం వల్ల ఏదీ మారలేదు. కానీ ఆ నిమిషం వాడుకున్నప్పుడు ఆ సంగతి నాకు తెలియదు కదా.

పక్కన ఎవరూ లేరు. పక్కింటి టైలరమ్మ మీ అమ్మని తన దగ్గర కూర్చోబెట్టుకుని మిషను కుట్టుకుంటోంది. మంచినీళ్ళు కావాలేమో అడుగుదామని వెళ్ళి చూసింది.

మీ అమ్మకి అప్పుడు నాలుగేళ్ళు. ఏడాది తిరక్కుండా మేం వేరే ఊరు మారిపోయాం, నిజం తెలిసినవాళ్ళెవరూ మా వెంట రాలేదు. దానికి ఆరేళ్ళప్పుడు, జడ వేస్తుంటే, నాన్న పోయినప్పుడు నువ్వెక్కడున్నావమ్మా అని అడిగింది. పక్కనే ఉన్నానన్నాను. పక్కన ఉండాలంటే బడి లేని రోజు కావాలి, అందుకని ఆదివారం అన్నాను. నాన్న ఏమన్నాడు అంది. నాకు తోచింది చెప్పాను. నాకెప్పుడూ లెక్కలే తోస్తాయి. అలా పుట్టింది మీ తాతయ్య చివరి మాట. తేదీ చెబితే వారం కనిపెట్టడం ఊళ్ళో పిల్లలందరికీ నేర్పిన మనిషి, తన అబద్ధాన్ని తీసుకెళ్ళి ఒక వారం పేరు మీద నిలబెట్టింది. ఇంతకంటే తెలివితక్కువ పని నా క్లాసులో ఏ వెనక బెంచీవాడూ చేయలేదు.

కాబట్టి ఆ మాటకి నువ్వు కట్టుబడక్కర్లేదు. అది ఆయనది కాదు. ఫారం నీ ఇష్టం, నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించు. నేనే చెప్పాలి, కానీ నాకు నోరు రావడం లేదు. ఇష్టం ఉందో లేదో ఎవరూ అడగకుండానే అది ఆ మాట పట్టుకుని లెక్కలు చదివింది, ఆ ఉద్యోగంలో చేరింది. ఇన్నేళ్ళకి కింద ఉన్న ఇటుక లాగుతున్నాను. ఏమంటుందో తెలియదు. కొన్నాళ్ళు ఇటువైపు రాకపోయినా ఏమీ అనుకోనని చెప్పు.

అమ్మమ్మ


ఆదివారం, ఈసారి నిజంగానే

మిడతకి,

మీ అమ్మ వచ్చి వెళ్ళింది. పొద్దున తొమ్మిదికి దిగింది. తను వేసిన పట్టిక ప్రకారం ఆ బస్సు ఎనిమిదీ యాభై నాలుగుకి రావాలట, గుమ్మం దిగువనే ఆ డ్రైవర్ని తిట్టుకుంటూ లోపలికి వచ్చింది. చేతిసంచీలోంచి నా ఉత్తరం తీసి వంటింటి బల్ల మీద పెట్టింది. దాని పక్కన నువ్వు పంపిన కాలిక్యులేటర్ పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. వీపు వెనక మనిషి మౌనంగా కూర్చుంటే ఎలా ఉంటుందో, నా క్లాసులో పిల్లలకి అలా ఉండేది కాబోలు.

చివరికి, కుళాయి కట్టెయ్యమంది. కట్టేశాను.

“బుధవారమని నాకు తెలుసమ్మా,” అంది.

ఎప్పటినుంచి అని అడిగాను. పదమూడో ఏటినుంచీ అంది. ఎనిమిదో తరగతిలో తనకి లెక్కల టీచర్ని నేనే. వారాల లెక్క నేర్పి, ఇంటి దగ్గర ఒక తేదీ చేసుకు రమ్మని అందరితో పాటు దానికీ చెప్పాను. అందరూ పుట్టినరోజులు చేసుకొచ్చారు. తండ్రిలేని పిల్ల మొదట ఏ తేదీ చేసుకుంటుందో నాకు ఆ రోజూ తట్టలేదు, ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళూ తట్టలేదు. దాని లెక్కకి టిక్కు కూడా పెట్టానట, పుట్టినరోజుదే అనుకుని.

అంతకంటే ముందే అనుమానం ఉండేదట. ఆ రోజు టైలరమ్మ ఇంటి నుంచి నేను దాన్ని ఎత్తుకుని తెచ్చాను. ఒంటి మీద ముదురు నీలం గౌను ఉంది, టైలరమ్మే కుట్టింది. బట్టలు మార్చేటప్పుడు ఆ గౌను వీపు మీద తెల్లగా అయిదు వేళ్ళు కనబడ్డాయట. నాలుగేళ్ళ పిల్లకి ఆ రోజు గురించి గుర్తున్నది అదొక్కటే. తండ్రి ముఖం కాదు, నా వేళ్ళు.

“ఆదివారం పూట ఎవరి చేతికి సుద్ద ఉంటుందమ్మా?” అంది.

మరి నన్ను ఎందుకు అడగలేదే అన్నాను. అడిగితే నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాల్సి వచ్చేది అంది. తెలిసి తెలిసి ఆ మాట పట్టుకుని ఎందుకు చదివావు, ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పాల్సింది అని, నా అలవాటు కొద్దీ, తిరిగి దాన్నే కసిరాను. మీ అమ్మ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“నువ్వు చెప్పిన కథలన్నిటిలోనూ నాన్న నవ్వించే మనిషి. పోయేటప్పుడు మాత్రం అచ్చం నీలా మాట్లాడాడా? అది నీ మాటని తెలిసే చదివాను. నువ్వు ఎవర్నీ ఏదీ అడగవు. ఆ ఒక్కటి అడగడానికి కూడా నాన్నని అడ్డం పెట్టుకున్నావు. కాదని ఎలా అంటాను?”

ఆ బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను మిడతా. రెండో కొస ఇన్నేళ్ళూ దాని భుజం మీద ఉంది. లెక్కలంటే మొదట్లో ఇష్టం ఉండేది కాదని కూడా చెప్పింది. బస్సులంటే మాత్రం ఇష్టమేనట. ఆ మాట దయకొద్దీ అందో, నిజమో నేను అడగలేదు.

తర్వాత టీ పెట్టుకున్నాం. టీ తాగుతూ, మరి నిజంగా ఏమన్నాడు అంది. ఉత్తరంలో రాయనన్నావు కదా, నాకు చెప్పు అంది.

చెప్పాను. నీకూ రాస్తున్నాను. ఆ రోజుల్లో నా సున్నాలు మూతపడేవి కావు. హడావిడి మనిషిని, సగంలో వదిలేసి పక్క అంకెకి దూకేదాన్ని. పొద్దస్తమానం ప్రూఫులు దిద్దే మనిషికి అది కంట్లో నలుసు. నేను బడికి బయల్దేరుతుంటే రోజూ వెనకనుంచి అదే వేళాకోళం. ఆ బుధవారం ఉండిపోలేనని చెప్పాక నన్ను కాసేపు చూశారు. చూసి, ‘సరే, వెళ్ళిరా. సున్నాలు మూసుకో’ అన్నారు. అంతే. కూతురికి చెప్పుకోవడానికి అదేం మాట? అందుకే వేరేది కల్పించాను.

మీ అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి అంది:

“మాకు రోజూ చెబుతూనే ఉన్నావు కదమ్మా.”

కుళాయి చుక్కలు కారుతుంటే లేచి బిగించి వచ్చింది. వెళ్ళేటప్పుడు పదకొండూ పన్నెండుకున్న బస్సు తప్పిపోతుందని కంగారుపడుతూనే, గుమ్మంలో ఆగి నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదే, కడుక్కున్నాను అన్నాను.

అది వెళ్ళాక నీ కాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్ళలో ఆ తేదీని నేను ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. వేయాల్సిన పని లేదు, జవాబు తెలుసు. అయినా మైనస్ కొట్టడానికి వేలు కాసేపు రాలేదు. నువ్వు దిద్దిన ప్రోగ్రాము బాగుంది, కింది మెట్టుకి దిగే పనిముట్టే వాడావు. అయిదు వచ్చింది. శని, ఆది, సోమ, మంగళ, బుధ అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, ఎనిమిదో తరగతి పిల్లలా.

ఫారం ఇచ్చేశావని మీ అమ్మ చెప్పింది. మంచిది. కాళ్ళు నిలవని దానివి మంచం పక్కన గంటలు గంటలు ఎలా కూర్చుంటావో చూడాలి. రెండే చెబుతాను, రెండూ నా సొంత అనుభవం. పక్కన ఎవరూ లేని వాళ్ళ మంచం ఏదో ముందు కనుక్కుని అక్కడికి వెళ్ళు. ఎవరైనా పిలిచినప్పుడు ఒక్క నిమిషం అనకు.

మూడోది నాది కాదు. మందు పట్టీ మీద నువ్వు పది అని రాస్తే అది పదహారులా ఉంటుంది. అక్కడ తిరిగొచ్చేది ఉత్తరం కాదు. ఇది మీ తాతయ్య చివరి మాట, ఈసారి ఆయనదే: సున్నాలు మూసుకో.

అమ్మమ్మ